జాన్ ఆవు, సిల్వేరి మాస్టారి జబ్బు

గురువారం పొద్దున సిల్వేరి మాస్టారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. జొన్నజావ తాగి, తలుపులూ కిటికీలూ బిగించుకుని, ఐదో తరగతి ఇంగ్లీషు వాచకంలోని ఆవు పాఠాన్ని గొంతెత్తి చదువుకోవాలి. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడెక్కాక తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఎండ నడినెత్తికి రాకముందే కొండ దిగి, వంతెన దాటి, మధ్యాహ్నం బడికి చేరుకోవాలి. అక్కడ జిల్లా నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ వెనక బెంచీ మీద కూర్చుని చూస్తూంటే, పిల్లల చేత పాఠం చదివించి, ప్రశ్నలడిగి, జవాబులు రాబట్టాలి. అంతా ఇంగ్లీషులోనే.

చిక్కంతా ఆ చివరి ముక్క దగ్గరే వచ్చింది. రువాండా బడుల్లో ఫ్రెంచి పోయి ఇంగ్లీషు వచ్చి ఎంతో కాలం కాలేదు. సిల్వేరి జుట్టు నెరిసేదాకా ఫ్రెంచిలో పాఠాలు చెప్పినవాడు. వానలు మొదలైన దగ్గర్నుంచి ఈ వయసులో ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్నాడు. ఇవాళ ఇన్‌స్పెక్టరమ్మ పెదవి విరిచిందంటే ఐదో తరగతి ఇంకొకరి చేతికి పోతుంది. అతన్ని చిత్తడి నేలల అవతలి బడికి, పసిపిల్లల చేత చప్పట్లు కొట్టించే పనికి పంపేస్తారు.

ఈ కుస్తీ సంగతి భార్య స్పెసియోజకు తప్ప కొండ మీద ఎవరికీ తెలియదు. తెలిస్తే పరువు గంగలో కలిసినట్టే. ఎందుకంటే సిల్వేరికి ఇంగ్లీషు కొట్టిన పిండి అని కొండంతా నమ్ముతోంది. గాస్పారి అరటికల్లు దుకాణంలో శనివారం సాయంత్రాలు రేడియోలో ఇంగ్లండు ఫుట్‌బాల్ వస్తుంది. ఆ వ్యాఖ్యానాన్ని అప్పటికప్పుడు అందరికీ అర్థమయ్యేలా చెప్పేది సిల్వేరి మాస్టారే. బంతి ఎవరి కాళ్ల దగ్గరుందో, ఎవడు ఎవణ్ణి పడేశాడో, రిఫరీ ఎక్కడ గుడ్డివాడయ్యాడో కళ్లకు కట్టిస్తాడు. నిజానికి అతనికి అందేవి ఆటగాళ్ల పేర్లూ, జనం కేకలూ మాత్రమే. మిగతాదంతా సొంత కవిత్వం. ఒకసారి ఎర్రచొక్కాల జట్టును ఘనంగా గెలిపించి దుకాణమంతా గంతులేయించాడు. ఆ జట్టు చిత్తుగా ఓడిందని మర్నాడు పట్నం నుంచి వచ్చినవాళ్లు చెబితే, "ఆటయ్యాక రిఫరీ మనసు మార్చుకున్నాడు" అన్నాడు తడుముకోకుండా. పాపం, నమ్మారు.

చదువు మొదలుపెట్టాక సిల్వేరి దుకాణానికి వెళ్లడం మానేశాడు. ఎవరడిగినా తలనొప్పి అన్నాడు. ఆ చిన్న అబద్ధమే గురువారం నాటికి ఎదిగి కొమ్మలు వేసింది.

స్పెసియోజ పార భుజాన వేసుకుని చిలగడదుంప చేనుకు బయల్దేరుతూంటే, పక్కింటి వెరెదియానా కంచె దగ్గర ఆపింది. వెరెదియానా పెద్దావిడ. కొండ మీద ఎవరు తుమ్మినా, వాళ్లు ముక్కు తుడుచుకునేలోగా ఆమెకు తెలియాలి.

"అమ్మాయ్, మాస్టారి తలనొప్పి ఇంకా తగ్గలేదా?"

"తలనొప్పేం లేదు పెద్దమ్మా."

"మరేమిటి?"

స్పెసియోజకు అబద్ధమాడటం చేతకాదు. "అదొక్కటి అడక్కు. ఎవరికీ చెప్పనని ఆయన దగ్గర ఒట్టేశాను" అనేసి గబగబా వెళ్లిపోయింది.

వెరెదియానా ఉన్నచోటే నిలబడిపోయింది. కట్టుకున్నదాని చేత ఒట్టు వేయించుకునే జబ్బు మామూలు జబ్బు కాదు. ఆమె సిల్వేరి ఇంటివైపు చూసింది. పట్టపగలు తలుపులు మూసి ఉన్నాయి. కిటికీలూ మూసి ఉన్నాయి. ఇక ఆగలేక గోడ దగ్గరికి వెళ్లి చెవి ఆనించింది.

లోపల సిల్వేరి పాఠంతో తంటాలు పడుతున్నాడు. జాన్‌కు ఒక ఆవు ఉంది. ఆవు గోధుమరంగుది. ఆవు కనబడదు. జాన్ వెతుకుతాడు. ఆవు ఇంటి వెనక ఉంది. అంతే పాఠం. చదవడం బాగానే చదివేస్తున్నాడు. కింద ఉన్న ప్రశ్నలే అతనికి మింగుడుపడటం లేదు. జాన్‌కు ఆవు ఉందని పైన చెప్పినవాడే, జాన్‌కు ఏముంది అని కింద అడుగుతాడేం? చెప్పినవాడు మరిచిపోయాడా, విన్నవాణ్ణి అనుమానిస్తున్నాడా? పైగా ఆవు రంగు అడిగిన పుస్తకం ఆవు పేరు అడగలేదు. పేరు కూడా పెట్టకుండా ఆవును పెంచే ఆ జాన్ ఎలాంటి మనిషో సిల్వేరికి అర్థం కాలేదు. ఆవును నిజంగా ప్రేమించేవాడైతే ముందు ఇంటి వెనక చూసుకునేవాడు కదా అనిపించింది.

అయినా పరీక్ష పరీక్షే. ఇన్‌స్పెక్టరమ్మలా సన్నటి గొంతు పెట్టి ఇంగ్లీషులో ప్రశ్న అడిగాడు. తన గొంతుతో ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. తప్పు వస్తే తన నెత్తిన తనే ఒక్కటి మొట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

గోడ అవతల వెరెదియానాకు ముచ్చెమటలు పట్టాయి. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి, వినబడేవి రెండు గొంతులు. మాట్లాడేది ఏ భాషో తెలియదు. మధ్యమధ్య జాన్, జాన్ అంటున్నాడు. ఆ కొండ మీద జాన్ అన్నవాడే లేడు. జ్వరం నెత్తికెక్కిందనడానికి ఇంకేం కావాలి? ఆమె కాళ్లనొప్పులు మరిచిపోయి గాస్పారి దుకాణానికి పరుగెత్తింది.

గాస్పారి దుకాణదారే కాదు, కొండ మీది ఇంగోబి సంఘానికి అధ్యక్షుడు కూడా. బండి ఎక్కలేని ఆ దారుల్లో జబ్బుపడ్డవాళ్లను ఇంగోబి అనే పల్లకిలాంటి అల్లిక పడకలో పడుకోబెట్టి, వంతులవారీగా భుజం మార్చుకుంటూ ఆసుపత్రికి మోసుకెళ్లాలి. పిలుపు అందిన మగవాడు రాకపోతే తప్పు. జబ్బుమనిషిని నడిపిస్తే కొండకే తలవంపు. సంఘం కొత్తగా అల్లించిన ఇంగోబి అటక మీద పడి ఉంది. ఎదుటి కొండవాళ్లు ఈమధ్యనే ఒక ముసలాయన్ని వాగు పొంగుతున్నా దాటించి పేరు కొట్టేశారు. అప్పట్నుంచి గాస్పారికి కల్లు కూడా రుచించడం లేదు. ఎవరికీ ఏమీ కాకూడదనే అతను దేవుణ్ణి కోరుకునేవాడు. కానీ ఇలా కోరుకుంటూ పోతే సంఘం గతేమిటన్న దిగులూ ఉండేది.

"మాస్టారికా?" అంటూ లేచాడు. ఆ గొంతులో దుఃఖం ఉంది. కాస్త ఉత్సాహం కూడా ఉంది.

సిల్వేరి అప్పుడే చొక్కా పరిచి ఒక చేతి మీద ఇస్త్రీ పూర్తి చేశాడు. వీపు మీదికి ఇస్త్రీపెట్టె తెచ్చాడో లేదో, తలుపు ధడాలున తెరుచుకుంది. గాస్పారీ, వెనకాల బలమైన మగవాళ్లూ, వాళ్ల వెనక వెరెదియానా. సిల్వేరి చేసిన మొదటి పని వాచకాన్ని పరుపు కిందికి తోయడం. ఇస్త్రీపెట్టెను అతను చొక్కా మీదే మరిచిపోయాడు.

"మాస్టారూ, మీరు కదలకండి. మేం వచ్చేశాం" అన్నాడు గాస్పారి.

"ఎందుకొచ్చారు? నాకేం జబ్బు లేదు."

"అందరూ అదే అంటారు. పోయినేడు మా మామ కూడా అదే అన్నాడు. ఇంతకీ లోపల ఎవరితో మాట్లాడుతున్నారు?"

సిల్వేరి అటూ ఇటూ చూశాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్నవాళ్లంతా ప్రతి శనివారం తన నోటివైపు గుడ్లప్పగించి చూసేవాళ్లే. నిజం వెనక్కి వెళ్లిపోయింది.

"నాతోనే" అన్నాడు.

గాస్పారి తల పంకించి తనవాళ్లకు సైగ చేశాడు. మరుక్షణం సిల్వేరి ఇంగోబిలో ఉన్నాడు. రెండు దుప్పట్లు కప్పి, జారిపడకుండా గుడ్డలతో కట్టేశారు. చేతులు కూడా దుప్పట్లోపలే ఉండిపోయాయి.

"నన్ను దించండయ్యా, నేను బడికెళ్లాలి. ఇన్‌స్పెక్టరమ్మ వస్తోంది."

"చూశారా, ఈ స్థితిలో కూడా బడి ధ్యాసే" అన్నాడు ముందు మోసేవాడు.

"కనీసం నా చొక్కా అన్నా తెండి. తెల్లచొక్కా."

ఆ మాటతో వెరెదియానా భోరుమంది. మనిషి తెల్లచొక్కా అడిగాడంటే దేనికి సిద్ధపడుతున్నాడో ఆమె ఊహించేసుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టింది. చొక్కా మడిచి గుండెకు హత్తుకుని ఊరేగింపు వెనక నడిచింది. చొక్కా వీపున ఇస్త్రీపెట్టె ఆకారంలో పడిన గోధుమరంగు మచ్చ కన్నీళ్లలో ఆమెకు కనబడలేదు.

కొండ దారిలో ఇంగోబి ఎదురైతే పక్కకు తప్పుకుని పోయే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. అరటిగెలల సైకిలువాడు గెలల్ని గట్టు మీద దించి భుజం కలిపాడు. మేకలు తోలుకెళ్లేవాడు మేకలతో సహా వచ్చాడు. కొండ సగం దిగేసరికి సిల్వేరి వెనక చిన్న తిరునాళ్లే తయారైంది. ఇంతమంది తనకోసం పనులు మానుకుని వస్తుంటే అతనికి కళ్లు చెమర్చాయి. మరుక్షణం నెత్తిమీది సూర్యుణ్ణి చూసి బడి వేళ మించిపోతోందని కంగారుపడ్డాడు. తన బుర్ర సరిగ్గానే ఉందని తనకు తాను ధైర్యం చెప్పుకోవడానికి పాఠంలోని ప్రశ్నలూ జవాబులూ గొణుక్కోసాగాడు.

"మళ్లీ మొదలైంది. తొందరగా నడవండి" అన్నాడు గాస్పారి.

మలుపు దగ్గర చేనులోంచి స్పెసియోజ పరుగున వచ్చింది. ఇంగోబిలో మొగుణ్ణి చూసి ఆమె చేతిలో పార జారిపోయింది. ముఖంలో ముఖం పెట్టి చూసింది. పొద్దున తాగిన జావ మరక మూతి మీద అలాగే ఉంది. కళ్లు మాత్రం చెప్పకు, చెప్పకు అని బతిమాలుతున్నాయి. ఆమెకు ఒక్క చూపులో అంతా అర్థమైపోయింది.

"అమ్మా, నువ్వైనా చెప్పు. ఏమిటి ఈయన జబ్బు?" అని అడిగాడు గాస్పారి.

స్పెసియోజ మొగుడివైపు చూసింది. జనంవైపు చూసింది. "చెప్పనని ఒట్టేశాను అన్నయ్యా" అంది.

మోసేవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని, నడక మానేసి పరుగు అందుకున్నారు.

వంతెన ఇవతల బురదలో అద్దె మోటారుసైకిలు ఒకటి పడి ఉంది. డ్రైవరు దాన్ని లేపలేక బూతులు మింగుతున్నాడు. గట్టు మీద నల్లకోటు వేసుకున్న ఒకావిడ ఒక చెప్పు చేత్తో పట్టుకుని కూర్చుంది. చీలమండ వాచి బన్నులా ఉంది. జనాన్నీ ఇంగోబినీ చూసి ఆవిడ తన నొప్పి మరిచిపోయి ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఉగాండాలో పెరిగి వచ్చినవాళ్లకు కంగారులో ముందు నోటికొచ్చేది ఇంగ్లీషే.

ఎవరికీ అర్థం కాలేదు. అందరూ ఇంగోబివైపు చూశారు. వాళ్ల ఇంగ్లీషు మనిషి అందులోనే ఉన్నాడు.

గాస్పారి వంగి మెల్లగా అన్నాడు. "మాస్టారూ, ఓపిక లేదని తెలుసు. ఈ ఒక్క మాటా ఏమిటో చెప్పి పుణ్యం కట్టుకోండి."

సిల్వేరికి ఆవిడ ఎవరో చెప్పక్కర్లేకపోయింది. నల్లకోటూ, ఒళ్లో జిల్లా ముద్ర వేసిన సంచీ ఉన్నాయి. చెమటలు కారిపోయాయి. కానీ ఆవిడ అడిగింది మళ్లీ ఒకసారి చెవిన పడేసరికి విచిత్రం జరిగింది. ఈ ఇంగోబిలో ఉన్నదెవరు అని అడుగుతోంది. కళ్లెదుట కనబడేదాన్నే అడుగుతోంది. అచ్చం వాచకంలాగే.

"ఇంగోబిలో ఉన్నది నేను" అన్నాడు సిల్వేరి ఇంగ్లీషులో.

"మీకు జబ్బా?"

"కాదు. నాకు జబ్బు కాదు."

"మరి జబ్బుమనిషి ఎక్కడ?"

"జబ్బుమనిషి లేడు."

"అయితే వీళ్లు మిమ్మల్ని ఎందుకు మోస్తున్నారు?"

ఎందుకు అనే ప్రశ్నంటే సిల్వేరికి హడల్. ఏమిటి, ఎక్కడ, ఎవరు అంటే జవాబు పాఠంలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఎందుకు అంటే సొంతంగా ఆలోచించుకోవాలి. అతను కళ్లు మూసుకుని, తెలిసిన మాటలన్నీ పోగుచేసుకుని, పొట్టి పొట్టి వాక్యాల్లో చెప్పాడు. నేను మాస్టర్ని. నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. నేను ఇంట్లో గట్టిగా చదువుతున్నాను. వీళ్లు విన్నారు. వీళ్లు భయపడ్డారు. వీళ్లు మంచివాళ్లు. అందుకని నన్ను మోస్తున్నారు.

ఆవిడ కాలు పట్టుకుని పడీ పడీ నవ్వింది.

"ఏమంటోంది? మీరేమన్నారు?" జనం ఎగబడ్డారు.

సిల్వేరి ప్రాణం లేచొచ్చింది. ఒక్కరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఏం చెప్పినా చెల్లుతుంది. శనివారపు నోరు తెరుచుకుంది కూడా. ఆవిడ మిమ్మల్ని మెచ్చుకుంటోంది, ఇక నన్ను దించెయ్యమంటోంది అనబోయాడు.

ఇంతలో ఆవిడ చక్కటి కిన్యర్వాండాలో అంది. "నేను ఇన్‌స్పెక్టర్ పెరూత్‌ని. మధ్యాహ్నం చూడాల్సింది మీ తరగతే అనుకుంటాను మాస్టారూ. చదివిందీ మాట్లాడిందీ అర్థమైందా లేదా అన్నదే కదా పరీక్ష. ఇప్పుడు నాకు చెప్పిందంతా వీళ్లకు మన భాషలో చెప్పండి. నేనూ వింటాను."

సిల్వేరి ఇన్నేళ్లలో ఎన్నో తర్జుమాలు చేశాడు. మూలం తెలిసిన మనిషి పక్కన ఉండగా చేయడం ఇదే మొదటిసారి. ఆవిడవైపు చూశాడు. తన కోసం పనులు మానుకుని వచ్చిన జనంవైపు చూశాడు. చేతులు కట్టేసి ఉండటంతో ముఖం దాచుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. జబ్బు లేదని, ఇంగ్లీషు రాదని, ఈమధ్యనే మొదలుపెట్టానని, సిగ్గుపడి దాచానని. చెప్పాక గుండె మీంచి ఇంగోబి దించినంత తేలికైంది.

స్పెసియోజ హమ్మయ్య అని కొంగుతో మొగుడి మూతి తుడిచింది.

గాస్పారి ముందుకు వంగి అడిగాడు. "అయితే ఆ మ్యాచ్?"

"ఓడిపోయారు."

"రిఫరీ మనసు మార్చుకోలేదా?"

"లేదు గాస్పారీ. నేనే గెలిపించాను."

గాస్పారి ఏదో అనబోతుండగా వెరెదియానా ముందుకు తోసుకొచ్చింది. ఆమె బాధ వేరు. "మాస్టారూ, మరి ఆ జాన్ ఎవరు?"

"పాఠంలో మనిషి పెద్దమ్మా. అతని ఆవు కనబడలేదు. వెతుకుతాడు."

"అయ్యో. దొరికిందా?"

"ఇంటి వెనకాలే ఉంది."

వెరెదియానా నుదురు కొట్టుకుంది. "ఇంటి వెనకున్న ఆవు కనబడలేదా? అయితే మోయాల్సింది ఆ జాన్‌ని. ఈయన్ని కాదు."

అందరికంటే గట్టిగా నవ్వింది ఇంగోబిలో ఉన్న సిల్వేరే. నవ్వనివాడు గాస్పారి ఒక్కడే. అతని మనసు ఎదుటి కొండ మీద ఉంది. సంఘం మొత్తం కదిలింది. కొత్త ఇంగోబి సగం దారి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఖాళీగా వెనక్కి తీసుకెళ్తే ఎదుటి కొండవాళ్లు ఏమనుకుంటారు? దిగులుగా నేలచూపులు చూస్తుంటే ఇన్‌స్పెక్టరమ్మ చీలమండ కనబడింది. అతని ముఖం వెలిగిపోయింది.

"అమ్మా, మీరు కదలకండి" అన్నాడు.

"నాకేం ఫర్వాలేదు, నడవగలను."

"అందరూ అదే అంటారు."

సిల్వేరిని విప్పి దించారు. ఇన్‌స్పెక్టరమ్మను ఎక్కించి దుప్పట్లు కప్పారు. ముందు భుజం తనదేనని సిల్వేరి పట్టుబట్టాడు. పెరూత్ ఊరుకునే రకం కాదు. ఊగుతూనే వెనక నుంచి ఇంగ్లీషులో ప్రశ్నలు మొదలుపెట్టింది. మనం ఏం దాటుతున్నాం? వాగులో నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? మన వెనక ఎన్ని మేకలున్నాయి? సిల్వేరి రొప్పుతూ జవాబులు చెప్పాడు. మేకల విషయంలో మాత్రం వెనక్కి తిరిగి చూడటం కుదరక చాలా అన్నాడు. ఆవిడ ఒప్పుకుంది.

ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టించుకుని ఆవిడ బడికి వచ్చేసరికి సిల్వేరి తరగతిలో ఉన్నాడు. ఒంటి మీద వెరెదియానా మోసుకొచ్చిన తెల్లచొక్కా ఉంది. చొక్కా ఒక చెయ్యి నున్నగా ఉంటే రెండోది ముడతలు పడి ఉంది. వీపు సంగతి తొడుక్కునేటప్పుడు అతనికి తెలిసింది. అందుకని పాఠం చెప్పినంతసేపూ నల్లబల్లవైపు ఒక్కసారి కూడా తిరగలేదు. జాన్ ఆవును ఇంటి వెనక వెతికించి, దానికి పిల్లల చేత పేరు కూడా పెట్టించాడు. పిల్లల కళ్లలోకి చూస్తూ పాఠం చెప్పే ఈ పద్ధతి తనకు చాలా నచ్చిందని ఇన్‌స్పెక్టరమ్మ అందరి ముందూ మెచ్చుకుంది. ఐదో తరగతి అతని దగ్గరే ఉండిపోయింది.

ఇంటికి తిరిగొస్తూంటే కొండ ఎక్కడం కూడా సిల్వేరికి కష్టమనిపించలేదు. దాచుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రం తలుపులు బార్లా తెరిచి చదువుకున్నాడు. ప్రశ్న అతను అడిగితే, ఆవు ఇంటి వెనకే ఉంది నాయనా అని గోడ అవతలి నుంచి వెరెదియానా జవాబు చెప్పింది.

శనివారం దుకాణానికి మాత్రం భయంభయంగానే వెళ్లాడు. ఎవరూ దెప్పలేదు. గాస్పారి అతని పాత కుర్చీ తుడిచి వేశాడు. రేడియో పెట్టారు. ఈసారి సిల్వేరి అర్థమైనంత మాత్రమే, నిజాయితీగా చెప్పాడు.

"బంతి ఉంది." కాసేపాగాడు. "ఒక మనిషి పరుగెత్తుతున్నాడు." ఇంకాసేపాగాడు. "ఇప్పుడు ఇంకొక మనిషి. బంతి ఎక్కడుంది అన్నది తెలియదు."

జనం కల్లు పీల్చే గొట్టాలు నోట్లో పెట్టుకుని ఓర్చుకున్నారు. కొందరు ఆవలించారు. మేకలవాడు లేచి వెళ్లిపోబోయాడు. చివరికి గాస్పారి కుర్చీ దగ్గరికి జరుపుకుని, అందరి తరఫునా గొంతు తగ్గించి అన్నాడు.

"మాస్టారూ, నిజం మాకు మర్నాడు పట్నంవాళ్లు ఎలాగూ చెబుతారు. మీరు పాత పద్ధతిలోనే కానివ్వండి."

సిల్వేరి గొంతు సవరించుకున్నాడు. ఆ సాయంత్రం ఎర్రచొక్కాల జట్టు ఐదు గోల్స్ తేడాతో గెలిచింది. ఆ రోజు వాళ్లకు అసలు మ్యాచే లేదని రేడియో ఎంత మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు.